ఎడమచేతికి పని చెప్పండి

మా రోజుల్లో వాయిద్యం కొనడమంటే ముందు దాన్ని మోగించి చూడటం. హార్మోనియం కొట్టుకి వెళ్తే కొట్టాయన పెట్టె దించి ముందు పెట్టేవాడు. ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ, కుడిచేత్తో ఒక్కో మెట్టూ నొక్కుతూ కింది సా నుంచి పై సా దాకా వెళ్లేవాళ్లం. ఏ రీడు గీరుతోంది, ఏ మెట్టు నొక్కితే తిరిగి లేవడం లేదు, గాలి ఎక్కడ కారుతోంది, అన్నీ ఆ కొట్లోనే తేలిపోయేవి. ఇప్పటి పిల్లలు ఫోన్లో బొమ్మ చూసి కీబోర్డు కొంటున్నారు. ప్యాడ్లెన్ని, నాబ్‌లెన్ని, లైట్లు రంగులు మారతాయా, ఇవీ వాళ్ల ప్రశ్నలు. వేలు పడే మెట్టు ఎలా ఉందని ఒక్కరూ అడగరు. వాయించేది వేళ్లతో కదా, ఆ సంగతి ఎవరికీ పట్టదేం?

వాళ్లు కొంటున్నది మిడి కంట్రోలర్. దాని కడుపులో శబ్దం లేదు. మీరు మెట్టు నొక్కితే ఏ మెట్టు నొక్కారు, ఎంత జోరుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు కేబులు గుండా కంప్యూటర్‌కి వెళ్తుంది. అంతే. కీబోర్డు నడుమ ఉండే ఒకటో శ్రుతి షడ్జమానికి 60 అని ఒక అంకె. జోరుకి 1 నుంచి 127 లోపు ఇంకో అంకె. ఆ అంకెలు అందుకుని పియానోగానో వయొలిన్లుగానో మోగించేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. ఈ ముక్క చెప్పకుండా అమ్మే కొట్లున్నాయి. మా పక్కవీధి ఆయన కూతురి పుట్టినరోజుకి ఒకటి కొనుక్కొచ్చి, "మాస్టారూ, దీనికి స్పీకరెక్కడుందండీ?" అని నా దగ్గరికి తెచ్చాడు. స్పీకర్ లేదు. వాళ్లింట్లో కంప్యూటరూ లేదు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా అని అమ్మినవాడు ఒక్క మాట అడిగి ఉంటే ఆ పిల్ల మొహం అలా చిన్నబోయేది కాదు. మా రోజుల్లో హార్మోనియం అమ్మేవాడు ఎవరికి, ఆడగొంతుకా మగగొంతుకా, పద్యాలకా భజనకా అని అడక్కుండా పెట్టె కిందికి దించేవాడు కాదు.

ఆ కబుర్ల భాషే మిడి. దాని మీద నాకు కోపం లేదు. దాన్ని పుట్టించినవాళ్లంటే గౌరవం. అంతకుముందు ఒక కంపెనీ కీబోర్డుకి ఇంకో కంపెనీ కీబోర్డు మాట అర్థమయ్యేది కాదు. జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్ పూనుకుని మిగతా కంపెనీలనీ కలుపుకున్నారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో స్మిత్ గారి ప్రాఫెట్-600కీ, రోలాండ్ జూపిటర్-6కీ నడుమ ఒక కేబులు కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది మోగింది. ఐదు పిన్నుల ప్లగ్గు, సెకనుకి 31,250 బిట్లు, 16 ఛానెళ్లు. దాన్ని వాడుకున్నందుకు ఎవరి దగ్గరా రుసుము పుచ్చుకోలేదు. 2013లో ఇద్దరికీ కలిపి సాంకేతిక విభాగంలో గ్రామీ ఇచ్చారు. 2020లో రెండో రూపం వచ్చినా, ఇవాళ మీ యూఎస్‌బీ కేబుల్లో నడిచే మాటలు చాలామటుకు ఆనాటివే. వరదలా కొత్త మోడళ్లు వచ్చిపడే ఈ రోజుల్లో నలభై ఏళ్లు దాటినా చెడని పని అది. కొనే పిల్లలకి ఈ ఇద్దరి పేర్లూ తెలియవు. తెలియాలి.

అదే 1983లో యమహా డీఎక్స్-7 కీబోర్డు వచ్చింది. అమెరికాలో దాని వెల 1,995 డాలర్లు. మన దేశంలో ఆ రోజుల్లో దిగుమతి సుంకాలు నెత్తిన కూర్చునేవి. సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో వచ్చేవాళ్ల సామాన్లలో ఒకటీ అరా రావాలి. ఊళ్లో ఏ ఆర్కెస్ట్రాకైనా అలాంటిది వచ్చిందని తెలిస్తే చుట్టుపక్కల వాయించేవాళ్లమంతా చూడ్డానికి పోయేవాళ్లం. ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పక్కన నిలబడి చేతులు చూసేవాళ్లం, ఇంటికొచ్చి హార్మోనియం మీద ఆ వరసలు వెతుక్కునేవాళ్లం. పెళ్లిళ్లకీ వినాయకచవితి పందిళ్లకీ కీబోర్డు అద్దెకి తెచ్చుకునేవాళ్లు. అద్దెది కాబట్టి ఆ రాత్రికి ఏ పాటలు, ఏ సౌండు, ఏ శ్రుతి అని ముందే చేతికి వచ్చి ఉండాలి. స్టేజీ ఎక్కాక వెతుక్కునే వీల్లేదు. ఇప్పుడు సగం ఆర్కెస్ట్రాలు ముందే రికార్డు చేసిన మైనస్ వన్ ట్రాకులు పెట్టుకుని, కీబోర్డు ముందు మనిషిని నిలబెడుతున్నాయి. ఆ మనిషి వాయిస్తున్నాడో లేదో కింద కూర్చున్నవాళ్లకి తెలియదు. ఇది నాకు కష్టంగా ఉంటుంది.

"రోజా" సినిమా 1992లో వచ్చినప్పుడు అందరూ కంప్యూటర్ సంగీతం, కంప్యూటర్ సంగీతం అన్నారు. దానికి సంగీతం కూర్చిన రెహమాన్ అంతకుముందు ఏళ్ల తరబడి ఇళయరాజా దగ్గరా, మన రమేశ్ నాయుడి దగ్గరా, రాజ్-కోటి దగ్గరా కీబోర్డు వాయించి వచ్చాడన్న సంగతి ఎవరూ చెప్పుకోలేదు. అప్పటి మద్రాసు రికార్డింగులో అందరూ ఒక్కసారే వాయించాలి. ఒకరి వేలు జారితే గదిలో ఉన్నవాళ్లంతా మళ్లీ మొదట్నుంచి. ఆ భయంలో తయారైన చేతులు కంప్యూటర్ ముందు కూర్చున్నాయి కాబట్టే ఆ పాటలు అలా వచ్చాయి. కంప్యూటర్ కొనుక్కున్న ప్రతివాడికీ ఆ చేతులు రావు.

సరే, మెట్ల దగ్గరికి వద్దాం. మొదటిసారి కొనేవాళ్లందరికీ 25 మెట్ల చిన్న కీబోర్డే అంటగడుతున్నారు. ధర పదివేలకి అటూ ఇటూ, బ్యాగులో పడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్, నొవేషన్ లాంచ్‌కీ మినీ, అన్నీ ఈ జాతివే. చెడ్డవని అనను. చేయి తిరిగినవాడు రైల్లో వరస కట్టుకోవడానికి భేషుగ్గా ఉంటాయి. కానీ నేర్చుకునే పిల్లకి? 25 మెట్లంటే రెండు స్థాయిలు, పైన ఒక్క మెట్టు. మన మామూలు హార్మోనియానికే 37, 39, 42 మెట్లుంటాయి. మూడు స్థాయిలు లేకుండా ఒక పల్లవీ చరణం హాయిగా వాయించలేం. స్థాయి మార్చే ఆక్టేవ్ బటన్ ఉందిగా అంటారు. పాట మధ్యలో చేయి ఎత్తి బటన్ నొక్కి మళ్లీ చోటు వెతుక్కోవడం వాయించడమా?

పైగా ఆ చిన్నవాటిలో మెట్లు సన్నం. మామూలు కీబోర్డులో సా నుంచి పై సా దాకా పదహారున్నర సెంటీమీటర్లు. పియానో మీదైనా, పెద్ద కీబోర్డుల మీదైనా ఇంచుమించు అంతే. చేయి ఆ దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది, కళ్లు చూడక్కర్లేదు. సన్నమెట్ల మీద ఒక ఏడాది నేర్చుకున్న పిల్ల స్కూలు వార్షికోత్సవంలో మామూలు కీబోర్డు ముందు కూర్చుంటే వేళ్లు ప్రతి స్వరానికీ ముందే ఆగిపోతాయి. ఇది నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. కాబట్టి 49కి తగ్గొద్దు. బల్ల మూడున్నర అడుగులుంటే 61 తీసుకోండి. 88 మెట్లు, సుత్తి బరువు ఉన్నవి పాశ్చాత్య పియానో పరీక్షలకి వెళ్లేవాళ్లకి. మన పాటలకి అంత బరువు అక్కర్లేదు, వేగమైన సంగతులకి అడ్డం కూడా.

కొట్లో ఏదైనా ల్యాప్‌టాప్‌కి తగిలించి పియానో సౌండు పెట్టమనండి. కళ్లు మూసుకుని ఒకే మెట్టుని మెల్లగా, ఇంకొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కండి. మెల్లగా నొక్కితే మెల్లగా పలికి, మధ్యలో మెట్టుమెట్టుగా పెరగాలి. కొన్ని చవక కీబోర్డులు మెల్లగా, గట్టిగా అన్న రెండే మాటలు మాట్లాడతాయి. నల్లమెట్లు కూడా అలాగే చూడండి, మెట్టు అంచున కాకుండా లోపలికి నొక్కి కూడా చూడండి. చూడనివ్వని కొట్లో కొనకండి.

ఇక అసలు నా బాధ ఎడమచేతి గురించి.

హార్మోనియంలో కుడిచేయి స్వరం పలికిస్తుంది, ఎడమచేయి ఊపిరి పోస్తుంది. రీడుకి వేలి జోరుతో పని లేదు, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే. పెరగడం, తగ్గడం, పద్యంలో రాగం తీసేటప్పుడు నటుడి గొంతు కింద నిలబడి అతన్ని ఎత్తి పట్టడం, అన్నీ తిత్తిలోనే. సురభి నాటకాలకి వాయించినవాళ్లని చూసినవారెవరైనా ఉంటే గుర్తు తెచ్చుకోండి. వాళ్ల ఎడమచేయి ఒక్క క్షణం ఊరుకునేది కాదు. ఇప్పటి పిల్లల ఎడమచేయి ఎక్కడుంటుంది? మౌస్ మీద.

పెద్ద కంట్రోలర్లలో చాలావాటికి ఎడమ పక్కన రెండు చక్రాలుంటాయి. ఒకటి పిచ్ బెండ్, స్వరాన్ని పైకీ కిందికీ లాగుతుంది, వదిలితే నడిమికి వచ్చేస్తుంది. రెండోది మాడ్ వీల్, పెట్టినచోట ఆగుతుంది. కంప్యూటర్‌లోని వయొలిన్ బృందాల సౌండ్లలో చాలావాటికి జోరు వేలి నుంచి రాదు, ఈ మాడ్ వీల్ నుంచి వస్తుంది. మెట్టు నొక్కి పట్టి చక్రం పైకి తోస్తే వయొలిన్లు ఉప్పొంగుతాయి, కిందికి లాగితే సన్నబడతాయి. మా తిత్తి చేసిన పనే ఇది! పెద్ద పెద్ద సౌండ్లు డబ్బుపోసి కొనుక్కుని, ఆ చక్రాన్ని ముట్టుకోకుండా, వయొలిన్లు చచ్చిపడినట్టు ఉన్నాయేంటి మాస్టారూ అని అడిగే కుర్రాళ్లని చూస్తే నాకు ఆపుకోలేని చిరాకు వస్తుంది.

పిచ్ బెండ్ సంగతి ఇంకా పెద్దది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం దానికి రాదు, గమకం పలకదు, మన సంగీతాన్ని పాడుచేస్తుందన్నారు. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. గమకం పలకని పెట్టె ముందు కూర్చున్నామన్న ఆ నింద మా గురువులు మోశారు, మేమూ మోశాం. పక్కపక్క మెట్లని చకచకా తాకి, తిత్తి బిగించి, గమకం ఉన్నట్టు వినిపించడానికి ఒక తరం తరం తంటాలు పడింది. ఆ లోటు తీర్చే చక్రం ఇవాళ మీ ఎడమచేతి కింద ఉంది. దానికి దుమ్ము పడుతోంది.

ఒకటి చేసి చూడండి. ఒకటో శ్రుతిలో తోడి తీసుకోండి. సాధారణ గాంధారం నల్లమెట్టు. తోడిలో ఆ గాంధారం నిలబడదు, కింద శుద్ధ రిషభం వైపూ పైన శుద్ధ మధ్యమం వైపూ ఊగుతుంది. గాంధారం నుంచి ఆ రిషభానికి సరిగ్గా రెండు అరస్వరాలు, ఆ మధ్యమానికీ సరిగ్గా రెండు. పిచ్ బెండ్ మామూలుగా రెండు అరస్వరాలు పైకీ రెండు కిందికీ లాగేలా అమర్చే వస్తుంది. అంటే పెట్టె విప్పిన రోజే తోడి గాంధారం మీ చేతిలో ఉంది. మెట్టు ఒక్కసారి నొక్కి పట్టండి, మళ్లీ నొక్కొద్దు. చక్రాన్ని పైకి తోసి మెల్లగా రానివ్వండి, కిందికి కొంచెం లాగండి, మళ్లీ పైకి. మొదట్లో సైరన్ కూసినట్టే ఉంటుంది. నెల తర్వాత గొంతు వినపడటం మొదలవుతుంది. ఆ చక్రానికి మిడి నడిమి నుంచి అటూ ఇటూ కలిపి 16,384 అంకెలు ఇచ్చింది. మెట్టు జోరుకి 127 అంకెలే. ఇంత సన్నగా కోసిన సదుపాయం మన సంగీతానికి కాక ఇంకెవరికి కావాలి?

అందుకే చిన్న కీబోర్డులు వద్దంటున్నాను. వాటిలో చాలావాటికి చక్రాలు లేవు. ఎంపీకే మినీకి బొటనవేలితో కదిపే చిన్న పుల్ల ఉంది. మినీల్యాబ్‌కి వేలితో రాసే పట్టీలు. కొద్దిపాటి వంపులకి చాలుతాయేమో గానీ తోడికి చాలవు. ఎం-ఆడియో కీస్టేషన్ 49 లాంటిది చూడండి. ప్యాడ్లు లేవు, రంగు లైట్లు లేవు, మెట్లూ చక్రాలూ ఉన్నాయి. లాంచ్‌కీ 49కి ప్యాడ్లతో పాటు చక్రాలూ ఉన్నాయి, డప్పు వరసలు కూడా చేసుకుంటానంటే అది. సౌండ్ల సంగతికొస్తే, 1991లో అన్ని కీబోర్డులకీ కలిపి 128 వాద్యాల పట్టిక ఒకటి ఖాయం చేశారు. అందులో సితార్‌కి 105, షెహనాయ్‌కి 112, అంతవరకే మన వాటా. వీణకి చోటివ్వలేదు. ఇప్పుడు వీణ సౌండ్లు దొరుకుతున్నాయి, కొనుక్కుంటున్నారు కూడా. చక్రం కదపకుండా వాయిస్తే అది వీణ అవుతుందా?

అమర్చుకోవడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది అరగంట పని. మా రోజుల్లో, అంటే కంప్యూటర్లు ఇళ్లలోకి వస్తున్న కొత్తలో, సౌండ్ కార్డు వెనక జాయ్‌స్టిక్ తగిలించే పోర్టుకి ప్రత్యేకమైన కేబులు తెచ్చి, ఒక మొనని ఇన్‌లో ఇంకో మొనని అవుట్‌లో పెట్టి, డ్రైవర్ ఫ్లాపీ చెడిపోతే ఇంకొకరి దగ్గర అడుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు యూఎస్‌బీ పెడితే చాలు, చాలా కీబోర్డులకి డ్రైవరే అక్కర్లేదు. కేబులు మాత్రం పెట్టెలో వచ్చినదే వాడండి. ఫోను ఛార్జింగు కేబుళ్లలో కొన్నిటికి కబురు మోసే తీగలుండవు, లైటు వెలుగుతుంది, శబ్దం రాదు, ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ తెరిచి, సెట్టింగుల్లో మిడి అన్న చోట మీ కీబోర్డు పేరు కనపడుతుందో లేదో చూసి, దాన్ని ఇన్‌పుట్‌గా ఒప్పుకోండి. వాయిద్యం ట్రాకు ఒకటి పెట్టి, రికార్డుకి సిద్ధం చేసే బటన్ నొక్కి వాయించండి. అయిపోయింది.

ఏ సాఫ్ట్‌వేర్ అంటే, యాపిల్ కంప్యూటరుంటే గరాజ్‌బ్యాండ్ ఉచితం, చాలాకాలం ఇంకేమీ అక్కర్లేదు. విండోస్ అయితే కీబోర్డుతో పాటు చాలామంది ఏబుల్టన్ లైవ్ లైట్ ఇస్తున్నారు, కంపెనీ సైటులో సీరియల్ నంబరు నమోదు చేసి తీసుకోండి. రీపర్ 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. ఎఫ్ఎల్ స్టూడియో మనవాళ్లకి బాగా అలవాటు, కానీ కొనకుండా వాడే రకంలో దాచుకున్న పాట మళ్లీ తెరుచుకోదని ముందే తెలుసుకోండి. ఏదో ఒకటి పట్టుకుని దాని మీదే ఉండండి. ఒకటి నేర్చుకోకముందే నాలుగు మార్చి, వాయించాల్సిన సాయంత్రాలన్నీ ప్లగిన్లు దించుకోవడానికి పెడుతున్నారు. సౌండ్లు పోగేసుకోవడం సంగీతం కాదు.

ఒక్కచోట మాత్రం పంతం పట్టండి. మెట్టు నొక్కాక శబ్దం ఎంతసేపటికి వస్తోంది? సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ సైజు అని ఉంటుంది. అది 1024లో ఉంటే ఒక్క దానితోనే 23 మిల్లీసెకన్లు ఆలస్యం. 128కి దించితే మూడు మిల్లీసెకన్లు. మరీ దించితే పాత ల్యాప్‌టాపులు చిటపటలాడతాయి, అప్పుడు 256. విండోస్‌లో ఏఎస్ఐఓ డ్రైవర్ ఉంటే ఇది బాగా కుదురుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె కొనుక్కుంటే దానితో వస్తుంది, లేకపోతే ఏఎస్ఐఓ4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని వాయించేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, తీసేయండి. వాటి ఆలస్యం ఏ సెట్టింగుతోనూ పోదు. నాదస్వరం ఒక ఊళ్లో, డోలు ఇంకో ఊళ్లో వాయించినట్టు ఉంటుంది. వైరున్న హెడ్‌ఫోనే కావాలి. ఆలస్యం అలవాటైన చేయి తాళానికి ముందే ఉరకడం నేర్చుకుంటుంది. అలా పాడైన చేతిని బాగుచెయ్యడం, కొత్త చేతికి నేర్పడం కంటే కష్టం.

ఇప్పుడు సాయం పేరుతో చేస్తున్న అపకారం. స్కేల్ మోడ్ అని ఒకటి పెట్టారు, ఏ మెట్టు నొక్కినా తప్పు స్వరం పలకదు. కార్డ్ మోడ్, ఒక వేలు పెడితే మూడు స్వరాలు. ఆర్పెజియేటర్, నొక్కి పట్టుకుంటే అదే గలగలా వాయించుకుపోతుంది. పండితులకి పనికొచ్చే సరుకులే అవి. నేర్చుకునే పిల్లకి మాత్రం విషం. తప్పు స్వరం పలికి, చెవి చివుక్కుమని, వేలు పక్కకి జరిగినప్పుడు కదా మోహనకీ హిందోళానికీ తేడా ఒంటికి పట్టేది! తప్పు పలికే హక్కు పిల్లల దగ్గర లాక్కోకండి. మొదటి ఏడాది అవన్నీ ఆపి ఉంచండి. ప్యాడ్ల దగ్గర ఫుల్ లెవెల్ అని బటన్ ఉంటే అదీ ఆపండి. ఎంత మెల్లగా కొట్టినా 127 పలికిస్తుంది అది.

క్వాంటైజ్ అన్నిటికంటే ప్రమాదం. వాయించిన స్వరాలన్నిటినీ గళ్లలోకి లాగి పెడుతుంది. పాత సీక్వెన్సర్లలోనూ ఉండేది, కానీ దాన్ని వాడేవాడికి తాళం వచ్చి ఉండేది. ఈమధ్య ఒక కుర్రాడు జానపద వరస ఒకటి రికార్డు చేసి తెచ్చాడు. తకిట తకిట అని మూడుమూడుగా నడిచే తిశ్రం. వాయించడం చక్కగానే వాయించాడు. తర్వాత పదహారో గడికి లాగేశాడు. మూడులో నడిచే పాటని నాలుగు గళ్లలో కుక్కితే ప్రతి మూడు స్వరాల్లో రెండు ఎగిరి తప్పుచోట పడ్డాయి. మాస్టారూ, నా వేళ్లలోనే ఏదో తేడా ఉంది అనుకుంటున్నాడు వాడు! అన్‌డూ కొట్టించి, వాడు మొదట వాయించినదే వినిపించాను. మొహం వెలిగింది. తిశ్రానికి ట్రిప్లెట్ గడి వేరే ఉంటుందని ఏ వీడియోలోనూ వాడికి చెప్పలేదు. అసలు లాగాల్సిన పనే లేదు అక్కడ.

ఇప్పుడున్న మంచిని మంచి అనకపోతే పాపం. మేం వాయించింది మేం మళ్లీ వినే యోగం మాకు లేదు. టేప్ రికార్డరున్న ఇల్లు వెతుక్కుంటూ పోవాలి. ఇవాళ ప్రతి పిల్లా తన చేయి తాను వినగలదు. డీఎక్స్-7ని తాకనివ్వని రోజులు చూసిన నేను, దాని సౌండ్లన్నీ పలికించే డెక్సెడ్ అన్న సాఫ్ట్‌వేర్ ఉచితంగా ల్యాప్‌టాప్‌లోకి దిగడం చూస్తున్నాను. మా ఆర్కెస్ట్రాలో ఆడపిల్ల కీబోర్డు ముందు కూర్చోవడం నేనెరగను, రాత్రిపూట ప్రయాణాలని ఇళ్లలో ఒప్పుకునేవాళ్లు కాదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ, వాళ్లే బాగా వాయిస్తున్నారు. ఇంత చేతికందాక కూడా చెవి పెట్టి వినకపోతే ఎలా అన్నదే నా గోల.

కొనే స్తోమత లేనివాళ్లు బీరువా మీద చూడండి. బంధువులెవరో ఇచ్చిన క్యాసియోనో యమహానో గుడ్డ కప్పి ఉంటుంది. వెనక యూఎస్‌బీ పోర్టో, ఐదు పిన్నుల గుండ్రటి పోర్టో ఉంటే అదే మీ కంట్రోలర్. మెట్లు పెద్దవే ఉంటాయి, స్పీకరుంది, కరెంటు పోతే బ్యాటరీల మీద మోగుతుంది. కంప్యూటర్‌కి కలిపితే ప్రతి స్వరం రెండుసార్లు వినపడుతుంది, ఒకటి దాని సొంత గొంతు, ఒకటి కంప్యూటర్‌ది. దాని మెనూలో లోకల్ కంట్రోల్ అని ఉంటుంది, ఆపండి. ఆ మెనూ లేకపోతే దాని వాల్యూమ్ సున్నా చేయండి, కబురు వెళ్తూనే ఉంటుంది. పిచ్ బెండ్ చక్రం లేని మోడలైతే, డబ్బులు కూడాక ముందు చక్రమున్నది కొనండి, ప్యాడ్ల సంగతి ఆ తర్వాత.

సస్టెయిన్ పెడల్ కొంటే కీబోర్డు ఆన్ చేసే ముందే తగిలించండి. ఆన్ అయ్యేటప్పుడు దాని మీద కాలు పెట్టొద్దు, చాలా కీబోర్డులు ఆ క్షణంలో పెడల్ నొక్కి ఉందా వదిలి ఉందా చూసుకుంటాయి, నొక్కి ఉంటే తలకిందులుగా పనిచేయడం మొదలుపెడతాయి. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందో లేదో వాయించే ముందు రోజూ చూసుకోండి.

నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదటి నెల సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సౌండే తెరవనిస్తాను, వేణువు. ఒక్క స్వరం కంటే ఎక్కువ నొక్కనివ్వను. కుడిచేయి మాయామాళవగౌళ సరళీ వరసల మీద, ఎడమచేయి మాడ్ వీల్ మీద. ప్రతి వరస కిందనుంచి పెరగాలి, పైన నిండాలి, దిగేటప్పుడు తగ్గాలి. రెండో నెల ఎడమచేయి పక్క చక్రం మీదికి వెళ్తుంది, మొదట రిషభం ఒక్కటే. తల్లిదండ్రులు సినిమా పాట ఎప్పుడు నేర్పుతారండీ అని అడుగుతారు. రిషభం ఊగిన రోజు నేర్పుతానని చెబుతాను, ఆ మాట ఇంతవరకు తప్పలేదు.